ఫైల్ లాక్ అయ్యిందా? సర్వర్ రీస్టార్ట్ కొట్టే ముందు ఇది చదవండి: రాప్తాడు ఆఫీసులో నేను నేర్చుకున్న పాఠం

ఇక్కడ ఎక్కువగా ఫోన్లు, ఇయర్‌బడ్స్, ల్యాప్‌టాప్‌ల గురించే మాట్లాడుకుంటాం కదా. ఈసారి కొంచెం వేరే టాపిక్. మీలో చాలామంది ఇంట్లోనో, చుట్టాల షాపులోనో, ఫ్రెండ్ ఆఫీసులోనో "కంప్యూటర్ తెలిసిన అబ్బాయి" లేదా "అమ్మాయి" అయ్యుంటారు. వైఫై రాకపోయినా మీకే ఫోన్, ప్రింటర్ పనిచేయకపోయినా మీకే ఫోన్. అలాంటి మీకు ఎప్పుడో ఒకసారి తగిలే ప్రాబ్లమ్ ఇది: అందరూ వాడే ఫైల్ తెరవబోతే "ఈ ఫైల్‌ని వేరేవాళ్లు వాడుతున్నారు" అని వస్తుంది. వెళ్లి చూస్తే ఎవరూ వాడటం లేదు!

నాకు ఈ పాఠం రాప్తాడులో దొరికింది. అనంతపురం నుంచి 44వ నంబర్ జాతీయ రహదారి మీద బెంగళూరు వైపు బయల్దేరితే కాసేపట్లో వచ్చే ఊరే రాప్తాడు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే వాన పడే ప్రాంతం. చెనిక్కాయ విత్తాలంటే మొదటి పదును దొరికిన ఆ నాలుగు రోజుల్లోనే విత్తాలి. అక్కడ రైతులతో పనిచేసే ఒక చిన్న ఆఫీసుకి నేను ఖాళీ టైమ్‌లో కంప్యూటర్ పనులు చూసేవాణ్ణి. విత్తనకాయలు ఎవరెవరికి ఎన్ని బస్తాలు ఇవ్వాలో రాసుకునే జాబితా ఒకే ఒక్క ఎక్సెల్ ఫైల్లో ఉండేది. ఆ ఫైల్ లాక్ అయితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

మా సెటప్

పాత డెస్క్‌టాప్ ఒకటి తీసుకుని ఉబుంటు వేసి, దాని మీద సాంబా పెట్టాను. అదే ఫైల్ సర్వర్, అదే ప్రింట్ సర్వర్. దానికి యూపీఎస్ ఉంది. మిగతా ఆరు కంప్యూటర్లలో నాలుగింటికి విండోస్, ఎక్సెల్. రెండింటికి లిబ్రేఆఫీస్. వాటికి యూపీఎస్ లేదు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, కథంతా దీని మీదే నడుస్తుంది.

సాంబా అంటే తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. విండోస్ కంప్యూటర్లు ఫైళ్లు, ప్రింటర్లు షేర్ చేసుకోవడానికి ఎస్‌ఎంబీ అనే ప్రోటోకాల్ వాడతాయి. దీని మూలం 1980లలో ఐబీఎమ్‌లో ఉంది. ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో చదువుకుంటున్న ఆండ్రూ ట్రిడ్జెల్ 1990ల మొదట్లో ఇదే భాష మాట్లాడే ఫ్రీ సర్వర్ రాశాడు. పేరు కోసం డిక్షనరీ ఫైల్లో ఎస్, ఎమ్, బీ అక్షరాలు వరుసగా వచ్చే మాటల్ని కంప్యూటర్‌తోనే వెతికించాడు. అలా దొరికిన పేరే సాంబా. మీ ఇంట్లో నాస్ బాక్స్ ఉంటే దాని లోపల కూడా చాలావరకు ఇదే నడుస్తుంటుంది. అందుకే ఈ పాఠం మీకూ పనికొస్తుంది.

ప్రాబ్లమ్ ఎలా మొదలైంది

జూన్ నెల. మధ్యాహ్నం 12:20కి కరెంట్ పోయింది. పది నిమిషాల్లో వచ్చింది. అందరూ కంప్యూటర్లు మళ్లీ ఆన్ చేసుకున్నారు. జాబితా తెరిస్తే "అడ్మిన్ వాడుతున్నారు, రీడ్ ఓన్లీగా తెరవాలా?" అని మెసేజ్. అడ్మిన్ ఎవరు? ఎవరూ కాదు. అన్ని కంప్యూటర్లలో ఆఫీస్ ఇన్‌స్టాల్ చేసింది నేనే, అన్నిట్లో యూజర్ పేరు "అడ్మిన్" అని కొట్టింది కూడా నేనే. సో, మెసేజ్‌లో పేరు ఉన్నా ప్రయోజనం సున్నా.

బయట రైతులు నిలబడి ఉన్నారు. టేబుల్ దగ్గరున్న అక్క ఏం చేస్తుంది పాపం? రీడ్ ఓన్లీగా తెరిచింది, పేర్లు ఎక్కించింది, "ఫైనల్ 2" అని వేరే పేరుతో సేవ్ చేసింది. పక్క టేబుల్ అన్న "కొత్త ఫైనల్" అని ఇంకొకటి చేశాడు. సాయంత్రానికి ఒకే జాబితా మూడు ముక్కలైంది.

మర్నాడు ఒక అవ్వ వచ్చింది. ప్రింట్ తీసిన కాగితంలో ఆమె పేరు లేదు.

"నా పేరు నిన్ననే రాసుకుంటిరి గదప్పా. నా కండ్ల ముందరే రాస్తిరి. ఇప్పుడు లేదంటే ఎట్ల?"

ఆమె చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. పేరు రాశారు. కానీ "ఫైనల్ 2"లో రాశారు. ప్రింట్ తీసింది అసలు ఫైల్‌ని. ఆమెలాంటివాళ్లు ఇంకా 37 మంది అని తర్వాత లెక్క తేలింది. ఆ రోజు అవ్వ చేతిలో చీటీ ఉంది కాబట్టి బస్తాలు ఇచ్చేశాం. చీటీ పోగొట్టుకున్నవాళ్ల సంగతి? అప్పుడు నాకు అర్థమైంది, ఇది "చిన్న కంప్యూటర్ ప్రాబ్లమ్" కాదని.

నేను చేసిన తప్పులు (మీరు చేయకండి)

తప్పు 1: ఆ ఫోల్డర్లో దాక్కుని ఉన్న ఫైల్, అంటే ముందు ~$ గుర్తులతో ఉండే చిన్న ఫైల్‌ని డిలీట్ చేశాను. నెట్‌లో వీడియోలన్నీ ఇదే చెబుతాయి. మెసేజ్‌లో "అడ్మిన్" పోయి "వేరే యూజర్" అని వచ్చింది. లాక్ మాత్రం పోలేదు.

తప్పు 2: సాంబా సర్వీస్ మొత్తాన్ని రీస్టార్ట్ చేశాను. లాక్ పోయింది, నిజమే. దాంతోపాటు పక్క గదిలో లెక్కలు రాసుకుంటున్న సార్ కనెక్షన్ కూడా పోయింది. ఆయన గంటసేపు కొట్టిన ఎంట్రీలు సేవ్ కాలేదు. ఆయన నన్ను ఏమన్నాడో ఇక్కడ రాయలేను!

తప్పు 3: ఆప్‌లాక్స్ అన్నీ ఆఫ్ చేశాను. ప్రాబ్లమ్ అలాగే ఉంది, పైగా పెద్ద ఫైళ్లు తెరవడం స్లో అయింది.

మూడు తప్పులకీ కారణం ఒక్కటే. "లాక్" అనేది ఒకే వస్తువు అనుకున్నాను. నిజానికి నాలుగు రకాలున్నాయి.

లాక్‌లు నాలుగు రకాలు

1. చీటీ లాక్. ఎక్సెల్ ఒక ఫైల్ తెరవగానే పక్కన ~$తో మొదలయ్యే చిన్న ఫైల్ పెడుతుంది. అందులో తెరిచినవాళ్ల పేరు ఉంటుంది. లిబ్రేఆఫీస్ కూడా ఇలాగే డాట్, టిల్డే, లాక్ అనే మాటతో మొదలయ్యే ఫైల్ పెడుతుంది. బస్సులో సీటు మీద టవల్ వేసినట్టు అన్నమాట. ఎక్సెల్ విషయంలో ఆ చీటీ మనకి పేరు చూపించడానికే. అసలు తాళం వేరే చోట ఉంటుంది. లిబ్రేఆఫీస్ మాత్రం ఈ చీటీని సీరియస్‌గా తీసుకుంటుంది. కరెంట్ పోయి చీటీ మిగిలిపోతే, ఎవరూ లేకపోయినా హెచ్చరిక చూపిస్తుంది.

2. షేర్ మోడ్. ఇదే అసలు తాళం. ప్రోగ్రామ్ ఫైల్ తెరిచేటప్పుడే సర్వర్‌కి చెబుతుంది: "నేను రాస్తున్నా, మిగతావాళ్లు చదువుకోవచ్చు, రాయకూడదు" అని. సర్వర్ దాన్ని తన మెమరీలో రాసుకుంటుంది. ఏ ఫైల్ డిలీట్ చేసినా ఇది పోదు. నా తప్పు 1 ఎందుకు పనిచేయలేదో అర్థమైందిగా?

3. ఆప్‌లాక్, కొత్త పేరు లీజ్. ఇది తాళం కాదు, పర్మిషన్. "ఈ ఫైల్‌ని ప్రస్తుతానికి నువ్వొక్కడివే వాడుతున్నావు, కాబట్టి నీ దగ్గరే కాపీ పెట్టుకుని స్పీడ్‌గా పని చేసుకో" అని సర్వర్ ఇచ్చే మాట. రెండోవాళ్లు రాగానే సర్వర్ మొదటి కంప్యూటర్‌కి కబురు పంపి ఆ మాటని వెనక్కి తీసుకుంటుంది.

4. బైట్ రేంజ్ లాక్. ఫైల్ మొత్తం కాకుండా అందులో కొంత భాగానికే వేసే తాళం. యాక్సెస్, పాత డీబీఎఫ్ ఫైళ్లతో నడిచే అకౌంట్స్ సాఫ్ట్‌వేర్లు వాడేది ఇదే. అందుకే వాటిలో నలుగురు ఒకేసారి రాయగలరు.

అసలు దొంగని పట్టుకోవడం ఎలా?

కమాండ్ల పేర్లు నేను తెలుగులో రాస్తున్నా, మీరు కొట్టేటప్పుడు ఇంగ్లీషులోనే కొట్టాలి.

స్టెప్ 1: సర్వర్లో అడ్మిన్ హక్కులతో "ఎస్‌ఎంబీస్టేటస్" కమాండ్ కొట్టండి. పైన ఒక టేబుల్‌లో ఎవరెవరు కనెక్ట్ అయ్యారో, వాళ్ల ప్రాసెస్ నంబర్, ఐపీ అడ్రస్ వస్తాయి. కింద టేబుల్‌లో ఏ ఫైల్ ఏ ప్రాసెస్ చేతిలో ఉందో, ఏ టైమ్‌కి తెరిచారో వస్తుంది. మా జాబితా ఫైల్ పక్కన "డినై రైట్" అని ఉంది. తెరిచిన టైమ్ 11:52. అంటే కరెంట్ పోకముందు!

స్టెప్ 2: ఆ ప్రాసెస్ నంబర్‌తో పై టేబుల్‌లో ఐపీ అడ్రస్ చూడండి. ఆ ఐపీకి పింగ్ కొట్టండి. జవాబు రాలేదు. ఆ కంప్యూటర్ ఎవరిదని అడిగితే తెలిసింది: ఊర్లు తిరిగే ఒక అక్కది. "కరెంట్ పాయె, ఇంక ఈడ కూర్చొని ఏం జేయల్ల" అనుకుని బండి వేసుకుని వెళ్లిపోయిందట. కంప్యూటర్ ఆన్ చేయలేదు.

స్టెప్ 3: సర్వర్లో "ఎస్‌ఎస్" కమాండ్‌కి టీ, ఎన్, ఓ ఆప్షన్లు ఇచ్చి చూడండి. 445 పోర్ట్ మీద ఉన్న కనెక్షన్లు, వాటి టైమర్లు కనిపిస్తాయి. ఆ చచ్చిపోయిన కంప్యూటర్ కనెక్షన్ ఇంకా "ఎస్టాబ్లిష్డ్" అనే ఉంది. పక్కన టైమర్: కీప్‌ఎలైవ్, దాదాపు 90 నిమిషాలు. అప్పుడు టైమ్ 12:50.

ఇక్కడే నాకు బల్బ్ వెలిగింది.

ఎందుకిలా జరుగుతుంది?

మామూలుగా కంప్యూటర్ షట్‌డౌన్ చేస్తే, "నేను వెళ్తున్నా" అని సర్వర్‌కి చెప్పి వెళ్తుంది. కరెంట్ పోతే చెప్పే టైమ్ ఉండదు. సర్వర్‌కి యూపీఎస్ ఉంది కాబట్టి అది బతికే ఉంది. దాని దృష్టిలో అవతలి కంప్యూటర్ చావలేదు, ఊరికే మాట్లాడకుండా కూర్చుంది. ఎంతసేపు ఎదురుచూడాలి? లినక్స్‌లో డిఫాల్ట్ లెక్క ఇదీ: చివరి మాట తర్వాత 7200 సెకన్లు, అంటే 2 గంటలు ఆగుతుంది. తర్వాత 75 సెకన్లకొకసారి చొప్పున 9 సార్లు తలుపు తడుతుంది. అవి ఇంకో 11 నిమిషాలు. మొత్తం 2 గంటల 11 నిమిషాలు! అప్పటిదాకా ఆ తాళం అలాగే ఉంటుంది.

మరి కొన్నిసార్లు పావుగంటలోనే దానంతట అదే ఎందుకు పోయేది? ఇది నన్ను చాలా రోజులు తికమక పెట్టింది. సమాధానం ఆప్‌లాక్‌లో ఉంది. చచ్చిపోయిన కంప్యూటర్ దగ్గర ఆప్‌లాక్ ఉంటే, రెండోవాళ్లు ఫైల్ తెరవగానే సర్వర్ దానికి కబురు పంపుతుంది. అందిందన్న జవాబు రాదు. లినక్స్ ఆ కబురుని మళ్లీ మళ్లీ పంపి, పదిహేను నిమిషాలు దాటాక "ఇక లేడు" అని కనెక్షన్ తెంచేస్తుంది. లాక్ పోతుంది. కానీ ఆ ఉదయం వేరేవాళ్లు ఫైల్‌ని ముందే రీడ్ ఓన్లీగా తెరిచి ఉంటే, ఆప్‌లాక్ అప్పటికే వెనక్కి వచ్చేసి ఉంటుంది. సర్వర్ కొత్తగా పంపాల్సింది ఏమీ లేదు. కాబట్టి పూర్తి రెండు గంటలు. అంటే రద్దీ ఎక్కువ ఉన్న రోజే ఎక్కువసేపు లాక్ అయ్యేది! మాకు సరిగ్గా విత్తనకాయలు ఇచ్చే రోజుల్లోనే ఇబ్బంది ఎందుకు వచ్చిందో ఇప్పుడు లెక్క కుదిరింది.

ఇంకో మాట. ఆ కంప్యూటర్‌ని మళ్లీ ఆన్ చేసినా అది కొత్త కనెక్షన్‌తో వస్తుంది. పాతదాన్ని సర్వర్ వెంటనే వదిలేస్తుందన్న గ్యారంటీ లేదు. అందుకే ఒక్కోసారి మన ఫైల్‌ని మనమే లాక్ చేసుకున్నట్టు మన పేరే కనిపిస్తుంది.

అప్పటికప్పుడు ఏం చేయాలి?

సాంబాలో ప్రతి కంప్యూటర్‌కి వేరే ప్రాసెస్ ఉంటుంది. కాబట్టి మొత్తం సర్వీస్‌ని ఆపక్కర్లేదు. ఆ ఒక్క ప్రాసెస్ నంబర్‌కి "కిల్" కమాండ్ ఇస్తే చాలు. మిగతావాళ్ల పనికి ఏమీ కాదు. రెండు జాగ్రత్తలు:

• ముందు ఆ మనిషికి ఫోన్ చేయండి. "అక్కా, నీ కంప్యూటర్ ఆఫ్‌లోనే ఉంది కదా?" అని అడగండి. కంప్యూటర్ బతికే ఉండి, సేవ్ చేయని పని ఉంటే మీరు చేసేది రిపేరు కాదు, నష్టం.
• కిల్‌కి మైనస్ 9 పెట్టకండి. మామూలు కిల్ అయితే ప్రాసెస్ తన లెక్కలు సర్దుకుని పోతుంది.

మళ్లీ రాకుండా ఏం చేయాలి?

సాంబా కన్ఫిగ్ ఫైల్లో, గ్లోబల్ సెక్షన్లో "సాకెట్ ఆప్షన్స్" అనే లైన్ ఉంటుంది. దాంట్లో ఇప్పటికే ఉన్నవాటితో పాటు కీప్‌ఐడిల్ 120, కీప్‌ఇంటర్వల్ 15, కీప్‌కౌంట్ 4 అని చేర్చాను. లెక్క సింపుల్: 120 సెకన్లు మౌనం, తర్వాత 15 సెకన్లకొకటి చొప్పున 4 సార్లు తట్టడం. 120 ప్లస్ 60, మొత్తం 180 సెకన్లు. రెండు గంటల 11 నిమిషాలు ఉన్నది మూడు నిమిషాలు అయింది. మార్చాక "టెస్ట్‌పార్మ్" కమాండ్‌తో తప్పులేమైనా ఉన్నాయేమో చూసుకోండి. సాయంత్రం అందరూ వెళ్లాక సర్వీస్ రీస్టార్ట్ చేయండి, ఎందుకంటే కొత్త కనెక్షన్లకే ఇది వర్తిస్తుంది.

దీనికో మైనస్ ఉంది, దాచను. ల్యాప్‌టాప్ ఫైల్ తెరిచి ఉండగానే స్లీప్‌లోకి వెళ్తే, మూడు నిమిషాల్లో దాని తాళం కూడా పోతుంది. అప్పుడు వేరేవాళ్లు ఆ ఫైల్‌లో రాసేయొచ్చు. కాబట్టి మూత వేసే ముందు ఫైల్ మూసేయడం అందరికీ అలవాటు చేయండి.

మిగతా మార్పులు:

• ప్రతి కంప్యూటర్‌కి ఆఫీస్‌లో వేరే పేరు, సాంబాలో వేరే లాగిన్. "అడ్మిన్" అనే దయ్యం పోయింది.
• యాక్సెస్, డీబీఎఫ్ ఫైళ్లకి మాత్రమే "వీటో ఆప్‌లాక్ ఫైల్స్" సెట్టింగ్. అన్నింటికీ ఆప్‌లాక్ ఆఫ్ చేయనక్కర్లేదు.
• ఫోన్లకి చదవడానికి మాత్రమే హక్కున్న లాగిన్. ఇది మీకోసమే ఫ్రెండ్స్! చాలా ఫైల్ మేనేజర్ యాప్‌లు సర్వర్లోని ఫైల్‌ని ఫోన్లోకి కాపీ చేసుకుని, మీరు ఎడిట్ చేశాక మళ్లీ పైకి పంపుతాయి. మధ్యలో తాళం ఉండదు. ఈలోపు వేరేవాళ్లు రాసింది మీ పాత కాపీ కింద పడి పోతుంది.
• పాత స్కానర్ పనిచేయట్లేదని ఎస్‌ఎంబీ మొదటి వెర్షన్ ఆన్ చేయకండి. 2017 మేలో వానాక్రై వైరస్ ప్రపంచమంతా పాకింది దానిలోని లోపం వాడుకునే. మన రాష్ట్రంలో పోలీసు కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. 2019లో వచ్చిన సాంబా 4.11 నుంచి అది డిఫాల్ట్‌గా ఆఫ్‌లోనే ఉంటుంది. అలాగే ఉండనివ్వండి.

ప్రింటర్ కూడా మోసం చేసింది

మూడు జాబితాల్ని కలిపి ఒకటి చేశాక ప్రింట్ కొట్టాం. ఏమీ రాలేదు. సర్వర్లో ప్రింటింగ్ చూసుకునే కప్స్‌లో ఒక సెట్టింగ్ ఉంటుంది: ఎర్రర్ వస్తే ఏం చేయాలి అని. అది "స్టాప్ ప్రింటర్" అని ఉంటే, కరెంట్ పోయి ప్రింటర్ ఆగిన క్షణంలో క్యూ మొత్తం ఆగిపోతుంది. కరెంట్ వచ్చినా అది ఆగే ఉంటుంది. నేను "కప్స్‌ఎనేబుల్" కొట్టగానే ప్రింటర్ గడగడా మొదలైంది. సంతోషపడేలోపు చూస్తే, మొదట వచ్చింది నిన్నటి జాబితా! క్యూలో ముందున్నది అదే కదా. అది గమనించకుండా బయట గోడకి అతికించి ఉంటే మళ్లీ ఆ 37 పేర్లు గల్లంతే.

కాబట్టి క్యూ వదిలే ముందు "ఎల్‌పీస్టాట్"తో అందులో ఏమున్నాయో చూడండి, పాతవి క్యాన్సిల్ చేయండి. ఎర్రర్ పాలసీని "రీట్రై జాబ్"కి మార్చండి. జాబితా ప్రతి పేజీ కింద ప్రింట్ తీసిన తేదీ, టైమ్ వచ్చేలా ఫుటర్ పెట్టండి. ఈ చివరిది ఒక్క నిమిషం పని, మాకు చాలా ఉపయోగపడింది.

చివరగా

సెట్టింగ్‌లన్నీ మార్చాక అందరినీ కూర్చోబెట్టి ఒకే ఒక్క రూల్ చెప్పాను: "రీడ్ ఓన్లీ అని వస్తే కొత్త పేరుతో సేవ్ చేయొద్దు. మూడు నిమిషాలు ఆగండి. అప్పటికీ రాకపోతే తెల్ల కాగితం మీద రాసుకోండి, నాకు ఫోన్ చేయండి." సర్వర్ పక్కన గోడకి ఆ కాగితం అంటించాం. తర్వాత కూడా కరెంట్ పోయింది, ఫైల్ లాక్ అయింది. కానీ "ఫైనల్ 2" మాత్రం మళ్లీ పుట్టలేదు.

లాక్ మన శత్రువు అనుకుని నేను దాన్ని పగలగొట్టడానికే చూశాను. నిజానికి అది అవ్వ పేరుని కాపాడటానికి ఉన్నది. పేర్లు గల్లంతైంది దాన్ని తప్పించుకుని మేం చేసుకున్న కాపీల వల్ల. నెక్స్ట్ టైమ్ మీకు ఎవరైనా ఫోన్ చేసి "ఫైల్ తెరుచుకోవట్లేదు, రీస్టార్ట్ చేసేయనా?" అని అడిగితే, "ఆగు, ముందు ఎవరి చేతిలో ఉందో చూద్దాం" అనండి. ఆ తర్వాత మొదటి కమాండ్ ఏంటో మీకు తెలుసు.